మొదటి లెవెల్‌లోనే మిస్టరీ ఎందుకు ఆడాలి

దారికి అడ్డంగా రెండు గుర్రాలు చచ్చి పడి ఉన్నాయి. ఒంటినిండా నల్ల ఈకల బాణాలు. జీను సంచులను ఎవరో దులిపేశారు. పక్కన పటాలు దాచుకునే తోలు గొట్టం ఒకటి పడి ఉంది, అందులోనూ ఏమీ లేదు.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట అయిదో ఎడిషన్ స్టార్టర్ సెట్‌లో 2014లో వచ్చిన 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్' కథ ఇలా మొదలవుతుంది. ఈ ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎందరో మొట్టమొదట చూసిన దృశ్యం ఇదే. గుర్రాలు ఎవరివి? వాటి మీద వచ్చినవాళ్లు ఏమయ్యారు? ఆ గొట్టంలో ఉండవలసిన పటం ఎవరికి కావలసి వచ్చింది? ప్రశ్నలు నోటిదాకా వచ్చేలోపే పొదల్లోంచి నాలుగు గోబ్లిన్లు (పొట్టి రాక్షసులు) దూకుతాయి, పాచికలు దొర్లడం మొదలవుతుంది.

ఆ గోబ్లిన్లు ఒక్క అయిదు నిమిషాలు ఆగి వస్తే బాగుండునని నాకు ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ అనిపిస్తుంది. కొత్తవాళ్ల కళ్లు మొదట మెరిసేది గుర్రాలను చూసినప్పుడు. పోరాటం మొదలయ్యాక వాళ్ల కళ్లు కాగితం మీదికి దిగిపోతాయి: ఏ పాచిక వేయాలి, ఏ అంకె కలపాలి, నా వంతు ఎప్పుడు?

మిస్టరీ కష్టమనీ, ముందు గుహలోకి పంపి నాలుగు పోరాటాలు చేయించి, ఆట వంటబట్టాక అపరాధ పరిశోధన జోలికి వెళ్లాలనీ చాలామంది చెబుతారు. ఆ సలహాతో నేను ఏకీభవించను. మిస్టరీకి మొదటి లెవెల్ కంటే మంచి చోటు లేదు. కాకపోతే కథను కట్టే పద్ధతి వేరు. ఆ పద్ధతి తెలియకుండా కట్టిన మిస్టరీ కొత్తవాళ్లనే కాదు, పాతవాళ్లను కూడా రెండు గంటలపాటు గోడకు ఎదురుగా నిలబెడుతుంది.

ఆట సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణం నుంచి వెలువడింది. ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు డంజియన్ మాస్టర్. లోకాన్ని వర్ణించేదీ, అందులోని ఊరివాళ్లూ దొంగలూ భూతాల తరఫున మాట్లాడేదీ ఆ ఒక్కరే. మిగతావాళ్లు తలా ఒక పాత్రను ధరిస్తారు: కత్తి పట్టిన వీరుడు, మంత్రగాడు, పూజారి, దొంగ. తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. అది జరుగుతుందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. పాత్రలు అనుభవం సంపాదించి 1 నుంచి 20 దాకా లెవెళ్లు ఎక్కుతాయి. ఎక్కేకొద్దీ బలమూ మంత్రాలూ పెరుగుతాయి. చిక్కు అంతా ఆ మంత్రాల దగ్గరే ఉంది.

శవం మాట్లాడే లోకంలో హత్య

మన డిటెక్టివ్ నవలల్లో హతుడు నోరు మెదపడు. ఈ లోకంలో మెదుపుతాడు. 'స్పీక్ విత్ డెడ్' అనే మూడో స్థాయి మంత్రం ఉంది. శవానికి నోరు మిగిలి ఉంటే చాలు, అయిదు ప్రశ్నలు అడగవచ్చు. 'జోన్ ఆఫ్ ట్రూత్' రెండో స్థాయి మంత్రం. దాని వలయంలో చిక్కి, తట్టుకోలేకపోయిన మనిషి తెలిసి తెలిసి అబద్ధం చెప్పలేడు. మంత్రం అతనికి తగిలిందో లేదో వేసినవారికి తెలిసిపోతుంది కూడా. 'డిటెక్ట్ థాట్స్' ఎదుటివాడి మనసులోకే తొంగి చూస్తుంది. అనుభవమున్న బృందం చేతికి హత్య కేసు ఇస్తే మొదటి పది నిమిషాల్లోనే శవాన్ని అడుగుతారు, అనుమానితులను వరుసగా వలయంలో నిలబెడతారు. అప్పుడు డంజియన్ మాస్టర్ హంతకుడికి ముసుగు తొడగాలి, శవం నాలుక కోయించాలి, మంత్రం పారని ఉంగరాలు పంచాలి. ఒక్కొక్క దారి మూసుకుంటూ పోతుంటే ఆటగాళ్లకు తాము సంపాదించుకున్న శక్తులను లాగేసుకుంటున్నట్టు ఉంటుంది. అలా అనిపించడం న్యాయమే.

మొదటి లెవెల్‌లో ఈ బాధ లేదు. మంత్రాల స్థాయీ పాత్రల లెవెలూ ఒకటి కాదు: రెండో స్థాయి మంత్రాలు పూజారికీ మంత్రగాడికీ మూడో లెవెల్‌లో గానీ రావు. శవంతో మాట్లాడాలంటే అయిదో లెవెల్ దాకా ఆగాలి. అంతవరకు వాళ్ల చేతుల్లో ఉండేవి చిన్న మంత్రాలు: ఇంద్రజాలపు ఛాయ పసిగట్టేది, రాని భాష అర్థమయ్యేలా చేసేది, వేషం మార్చేది, జంతువులతో మాట్లాడించేది. నా దృష్టిలో మిస్టరీకి ఇంతకంటే మంచి సరంజామా లేదు. ఇవేవీ జవాబు చెప్పవు, ఒక్కొక్కటీ ఒక ముక్క అందిస్తుంది. జంతువులతో మాట్లాడే మంత్రాన్నే చూడండి. చుట్టుపక్కల చోట్ల గురించి, గత ఒక్క రోజులో తాను చూసినదాని గురించి చెప్పగలగడం ఆ జంతువుకు కనీస శక్తిగా నియమాలు పేర్కొంటాయి. తెలివి ఎంత ఉంటే జవాబూ అంతే. అంటే కుక్కను సాక్షిగా పిలవవచ్చు, కానీ అది చెప్పేది కుక్క సాక్ష్యమే. మనిషి పేరు చెప్పదు, వాసన చెబుతుంది.

రెండో కారణం ప్రాణాలు. మొదటి లెవెల్ మంత్రగాడికి మామూలుగా ఏడెనిమిది హిట్ పాయింట్లు (ప్రాణబలానికి ఆటలోని లెక్క) ఉంటాయి. 2014 నియమాల ప్రకారం గోబ్లిన్ కత్తి ఒక్క వేటుకు 3 నుంచి 8 పాయింట్లు తీస్తుంది. అంటే ఒక్క దెబ్బకు మనిషి కూలిపోవచ్చు. ఒక పూట కూర్చుని ఎంతో ఇష్టంగా తయారు చేసుకున్న పాత్ర మొదటి అరగంటలో పడిపోతే కొత్త ఆటగాడు మళ్లీ బల్ల దగ్గరికి వస్తాడన్న నమ్మకం లేదు. ప్రశ్నలు అడగడానికి హిట్ పాయింట్లు అక్కరలేదు.

మూడో కారణమే నాకు అన్నిటికంటే ముఖ్యం. కొత్తవాళ్లకు నియమాలు తెలియవు గానీ మనుషులు తెలుసు. ఎవరు ఏదో దాస్తున్నారు, ఎవరి మాటకూ చేతకూ పొత్తు కుదరడం లేదు, ఏ ఇంట్లో ఏదో తేడాగా ఉంది అని పసిగట్టే చూపు వాళ్లు ఇంటి నుంచే తెచ్చుకుంటారు. పోరాటంలో వాళ్లు పాతవాళ్ల వెనక నిలబడాలి. మిస్టరీలో అందరూ ఒకే గీత మీద నిలబడతారు.

గొలుసు ఎక్కడ తెగుతుంది

మరి మిస్టరీ కష్టమన్న పేరు ఎందుకు వచ్చింది? నవలను కట్టినట్టు ఆటను కట్టడం వల్ల. నవలలో డిటెక్టివ్ వంగి చూడవలసిన చోట రచయిత అతన్ని వంచుతాడు. బల్ల దగ్గర ఆ రచయిత లేడు. గోడకు వేలాడే పటం వెనకాల ఉత్తరం దాగి ఉంటే, అటు ఎవరూ చూడకపోవచ్చు. చూసినా పాచిక సహకరించకపోవచ్చు.

లెక్క వేసి చూద్దాం. తెలివి 16 ఉండి, పరిశోధన నైపుణ్యం నేర్చిన మొదటి లెవెల్ మంత్రగాడు పాచిక మీద పడిన అంకెకు 5 కలుపుకుంటాడు. మధ్యస్థంగా కష్టమైన పనికి నియమాల్లో ఉన్న గురి 15. అంటే పాచిక మీద 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. అవకాశం నూటికి 55. ఇది బృందంలోకెల్లా సమర్థుడి సంగతి. పాచికకు కలుపుకోవడానికి ఏమీ లేనివాడికి నూటికి 30 మాత్రమే.

ఇప్పుడు కథను గొలుసులా కట్టామనుకోండి. పాదముద్ర దొరికితే గుడిసె తెలుస్తుంది, గుడిసెలో ఉత్తరం దొరికితే పేరు తెలుస్తుంది, పేరు పట్టుకుని లెక్కల పుస్తకం వెతికితే దొంగ తెలుస్తాడు. మూడు లంకెలు, ప్రతిదానికీ ఒక పాచిక. 55 శాతాన్ని మూడుసార్లు గుణిస్తే 17 శాతం కూడా నిండదు. అంటే ఆరు బల్లల మీద ఈ కథ నడిపిస్తే అయిదు బల్లల దగ్గర మధ్యలో ఆగిపోతుంది. ఆగిపోయాక జరిగేది నేను చూశాను. నేను మొట్టమొదట నడిపిన మిస్టరీలో ఒకే ఒక్క ఉత్తరం మీద కథంతా వేలాడదీశాను. పాచిక మీద 4 పడింది. ఆ తర్వాత గంటసేపు నలుగురు స్నేహితులు ఒకే గదిని మళ్లీ మళ్లీ వెతికారు. తప్పు వాళ్లదని వాళ్లు అనుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అవే మూడు ఆధారాలను గొలుసులా కాక, ఒకే నిజం వైపు చూపే మూడు వేర్వేరు వేళ్లలా పెడితే? మూడింటిలో ఏదో ఒకటి దొరికితే చాలు. మూడూ తప్పిపోయే అవకాశం నూటికి తొమ్మిది. అంటే 91 శాతం సార్లు కథ ముందుకు కదులుతుంది. ఆధారాలు అవే, పాచికలు అవే. మారింది అమరిక ఒక్కటే.

ఇలాంటి ఆటల గురించి రాసే జస్టిన్ అలెగ్జాండర్ 2008లో రాసిన వ్యాసంలోని సూత్రం సరిగ్గా ఇదే: ఆటగాళ్లు ఏ నిర్ణయానికి రావాలని మీరు కోరుకుంటారో, ఆ ఒక్కొక్క నిర్ణయానికీ కనీసం మూడు ఆధారాలు పెట్టండి. ఒకటి వాళ్ల కంట పడదు, ఒకటి అర్థం కాదు, మూడోది పని చేస్తుంది. ఇక్కడ తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. 'కథకు మూడు ఆధారాలు' అని చదువుకుంటారు. కాదు, ఒక్కొక్క నిర్ణయానికి మూడు. దొంగ ఎవరో తెలియాలంటే ముందు దొంగతనం ఎలా జరిగిందో తెలియాలి అనుకుంటే, రెండు నిర్ణయాలకు ఆరు ఆధారాలు.

రాబిన్ డి. లాస్ ఇంకో అడుగు ముందుకు వేశారు. 2000 దశకంలో పెల్‌గ్రేన్ ప్రెస్ కోసం ఆయన రూపొందించిన గమ్‌షూ పద్ధతిలో, కథకు కీలకమైన ఆధారం దొరకడానికి పాచికే లేదు. తగిన నైపుణ్యం ఉన్న పాత్ర తగిన చోట వెతికితే దొరుకుతుంది, అంతే. దొరికినదానికి అర్థం ఏమిటన్నదే అసలు ఆట. ఈ ఆలోచనను డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లోకి తెచ్చుకోవడానికి కొత్త నియమాలేవీ కొననక్కరలేదు. వెతికితే ఆధారం ఇచ్చేయండి. పాచికను అదనపు వివరానికి వాడండి. గడప దగ్గర రక్తం ఉందన్నది అందరికీ తెలియాలి. అది రెండు రోజుల నాటిదన్నది పాచిక గెలిచినవాడికి తెలుస్తుంది.

దెయ్యాల కొంపలో దీపం

సిద్ధాంతం ఇక్కడికి చాలు. నాకు తెలిసినవాటిలో కొత్తవాళ్ల మిస్టరీకి ఎత్తు పీట వేయదగిన కథ ఒకటుంది. దాన్ని విప్పి చూపిస్తాను. ఆటగాడిగా దీన్ని ఆడే ఉద్దేశం ఉన్నవారు ఈ భాగం వదిలేసి తరువాతి ఉపశీర్షికకు వెళ్లిపోవాలని నా విన్నపం. గుట్టు ముందే తెలిస్తే ఆ సాయంత్రం మళ్లీ రాదు.

'ది సినిస్టర్ సీక్రెట్ ఆఫ్ సాల్ట్‌మార్ష్' 1981లో వచ్చింది. రాసినవారు డేవ్ బ్రౌన్, డాన్ టర్న్‌బుల్. అప్పట్లో ఈ ఆటను ప్రచురించిన అమెరికా సంస్థ టీఎస్ఆర్‌కు ఉన్న బ్రిటిష్ శాఖలో పుట్టిన కథ కాబట్టి కాబోలు, ఇందులో ఇంగ్లండ్ సముద్రతీరపు పాత దొంగరవాణా కథల ఉప్పు వాసన ఉంది. 1 నుంచి 3 లెవెళ్ల పాత్రల కోసం రాసినది. 2019లో 'ఘోస్ట్స్ ఆఫ్ సాల్ట్‌మార్ష్' సంపుటిలో అయిదో ఎడిషన్‌కు తగినట్టు మళ్లీ అచ్చయింది.

సాల్ట్‌మార్ష్ ఒక చిన్న రేవు పట్టణం. ఊరికి తూర్పున నాలుగు మైళ్ల దూరంలో, సముద్రానికి ఎదురుగా పాడుబడిన ఇల్లు. ఒకప్పుడు అందులో రసవాది ఒకడు ఉండేవాడు, అతని గురించి మంచి మాట ఎవరూ చెప్పరు. ఇప్పుడు అక్కడ దెయ్యాలున్నాయని ఊరంతా నమ్ముతుంది. పాత్రలు లోపలికి వెళితే మనిషి లేని చోట గొంతు వినిపిస్తుంది, కేకలు వినిపిస్తాయి. అవి మంత్రంతో అమర్చిన గొంతులు. ఇంటి అడుగున నేలమాళిగలో దొంగరవాణా ముఠా కాపురముంటోంది. దాని నాయకుడు శాన్బలెట్ అనే మాయావి. పైనున్న దెయ్యం పుకారే వాళ్లకు కాపలా.

నాకు ఈ కథలో నచ్చేది ఇక్కడే. మన లోకంలో దెయ్యం లేదని తేలడం పెద్ద విశేషం కాదు. ఆ లోకంలో దెయ్యాలు నిజంగానే ఉన్నాయి. లెవెల్ ఒకటి పాత్రలు నిజమైన దెయ్యాన్ని ఎదుర్కోలేవు, ఆ సంగతి ఆటగాళ్లకూ తెలుసు. కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా ఆ భయం నిజమైన భయమే. దెయ్యం లేదని తెలిసినప్పుడు కలిగే ఊరట వెనకే ఇంకో ప్రశ్న తోసుకొస్తుంది: మరి ఇదంతా ఎవరు అమర్చారు, ఎందుకు? అద్భుతాలున్న లోకంలో అద్భుతం కానిదే ఆశ్చర్యం.

ఆధారాలు ఎలా పరిచారో చూడండి. ఎవరూ ఉండని ఇంట్లో మనుషులు తిరుగుతున్న జాడలు ఉంటాయి. సముద్రం వైపు సైగలు చేయడానికి దీపం ఉంటుంది. నేలమాళిగలో పరుపులు, సరుకు. ఇవన్నీ వేర్వేరు గదుల్లో, వేర్వేరు రకాల వస్తువులు. ఏ గదిలోంచి మొదలుపెట్టినా చివరికి ఒకే మాట అంటాం: ఇక్కడ మనుషులున్నారు, సముద్రం మీద వాళ్లకోసం ఎవరో ఎదురుచూస్తున్నారు. జస్టిన్ అలెగ్జాండర్ సూత్రం పుట్టడానికి పాతికేళ్లకు పైగా ముందే ఇద్దరు రచయితలు చేత్తో ఆ పని చేసి చూపించారు.

పై అంతస్తు గదిలో నెడ్ షేక్‌షాఫ్ట్ దొరుకుతాడు. కాళ్లూ చేతులూ కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కి ఉంటాడు. దొంగతనానికి వచ్చి చిక్కుకుపోయానని చెబుతాడు. పాత్రలు జాలిపడి వెంట తీసుకెళతారు. నిజానికి అతను హంతకుడు. ముఠాతో లాలూచీ ఉన్న ఒక పట్టణ వ్యాపారి, వీళ్ల పని చెడగొట్టడానికి ముందే పంపించాడు. సత్యవలయపు మంత్రం ఉన్న బృందం దగ్గర నెడ్ రెండు నిమిషాలు నిలవడు. మొదటి లెవెల్ బృందానికి అతని ముఖం చూసి, మాట విని తేల్చుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఇల్లు తేలాక కథ ఆగదు. సైగల గుట్టు తెలిస్తే 'సీ ఘోస్ట్' అనే ఓడ మీదికి ఎక్కవచ్చు. ఆ ఓడలో ఆయుధాలు దొరుకుతాయి. అవి బల్లి మనుషుల కోసం వెళుతున్నాయి. వాళ్లకు అన్ని ఆయుధాలు ఎందుకు? పక్కనున్న మన ఊరి మీద పడటానికేనా? ఈ ప్రశ్న మీద 1982లో రెండో భాగం వచ్చింది. అందులో తేలేదేమిటంటే, బల్లి మనుషులు సిద్ధమవుతున్నది సాల్ట్‌మార్ష్ మీదికి కాదు, సముద్రంలోంచి వస్తున్న ఇంకా పెద్ద శత్రువు మీదికి. ఆవేశపడి ముందు కత్తి దూసినవాళ్లు మిత్రులు కావలసినవాళ్లనే చంపుకుంటారు. అడగడం నేర్చిన బృందానికీ నరకడం మాత్రమే నేర్చిన బృందానికీ తేడా చూపించే కథ, అదీ తొలి లెవెళ్లలో, ఇంతకంటే గట్టిగా కట్టినది నేను చూడలేదు.

ఒకే సాయంత్రం చేతిలో ఉంటే మాత్రం సాల్ట్‌మార్ష్ సరిపోదు. 2021లో వచ్చిన 'క్యాండిల్‌కీప్ మిస్టరీస్' సంపుటిలో 17 కథలున్నాయి. ఒక్కొక్కటీ ఒక మహా గ్రంథాలయంలో దొరికే పుస్తకంతో మొదలవుతుంది. మొదటి కథ మొదటి లెవెల్ కోసమే. మాయాద్వారం దాటి ఒక భవనంలోకి వెళతారు, వెనక తలుపు మూసుకుపోతుంది. బయటపడే మాట కోసం గదులన్నీ వెతకాలి. నిజం చెప్పాలంటే అది మిస్టరీ కంటే పొడుపు కథకు దగ్గర. అనుమానించడానికి మనుషులు తక్కువ. మొదటి రోజుకు మంచిదే, నాకు మాత్రం మనుషులున్న మిస్టరీయే ఇష్టం.

ఇద్దరికి సరిపడా అన్నం

సొంతంగా రాసుకోవడం అనుకున్నంత కష్టం కాదు. నేను కొత్తవాళ్లతో ఆడించే చిన్న కథ ఒకటి చెబుతాను.

నది ఒడ్డున ఒక ఊరు. పడవ నడిపే సరంగు మూడు రోజులుగా కనిపించడం లేదు. పడవ మాత్రం రాత్రిపూట తనంతట తానే అవతలి గట్టుకు చేరుతోంది. నదిలో పిశాచం ఉందని ఊరు వణుకుతోంది. అసలు జరిగింది ఇది: ఊరి గాదెల లెక్క చూసే కరణం (నా లోకంలో ఆ ఉద్యోగానికి నేను పెట్టుకున్న పేరు) రాత్రిళ్లు వడ్లు అవతలికి దాటించి అమ్ముకుంటున్నాడు. సరంగు అది చూశాడు, బెదిరిస్తే పారిపోయి పాడుబడిన పిండిమరలో దాక్కున్నాడు.

ఆటగాళ్లు మూడు నిర్ణయాలకు రావాలి. ఒకటి, పడవ రాత్రిపూట బరువు మోస్తోంది. దీనికి పడవ పలకల సందుల్లో తడిసి మొలకెత్తిన గింజలు, రేవు బురదలో లోతుగా ఒరుసుకుపోయిన గీత, రాత్రి పరిచిన వలలు తెగిపోయాయని గొడవ చేస్తున్న జాలరి. రెండు, సరంగు బతికే ఉన్నాడు. అతని గొంగళి ఇంట్లో లేదు, అతని కుక్క రోజూ పొద్దుగూకేసరికి ఎటో వెళ్లి మూతికి పాత పిండి అంటించుకుని వస్తుంది, అతని భార్య పొయ్యి మీద అన్నం వండుతోంది. మూడు, చేయించింది కరణం. గాదె తలుపు మీది లక్క ముద్ర కొత్తది, అతని అరచేతుల్లో తాడు ఒరిసిన గాట్లున్నాయి, సరంగు మునిగిపోవడం కళ్లారా చూశానని చెప్పింది అతనొక్కడే, అదీ అమావాస్య రాత్రి. తొమ్మిది ఆధారాలు. కొన్ని వస్తువులు, కొన్ని మాటలు, కొన్ని అలవాట్లు. అన్నీ వస్తువులే అయితే ఊరివాళ్లతో మాట్లాడటానికి ఇష్టపడే ఆటగాడికి పని ఉండదు.

ఒక ఆదివారం ఈ కథ నడుపుతుంటే మా మేనత్త వచ్చింది. ఆటగాడు ఒకడు రాకపోవడంతో ఆమె చేతికి ఒక పూజారి పాత్ర ఇచ్చాను. పాచికలు ముట్టుకోనే లేదు, వింటూ కూర్చుంది. బృందం సరంగు ఇంటికి వెళ్లింది. నేను వర్ణించాను: ఆరిన గిన్నెలు, దండెం మీద చీర, పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం. ముగ్గురు కుర్రాళ్లూ ఇల్లు సోదా చేయడానికి పాచికలు అందుకున్నారు. ఒకడికి 17 పడింది, గొంగళి లేదని తెలిసింది. అప్పుడు మా అత్త అడిగింది.

"అబ్బాయ్, ఆవిడ ఎంతమందికి వండుతోంది?"

"ఇద్దరికి సరిపడా ఉంది అత్తా."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

బల్ల చుట్టూ చప్పుడు ఆగిపోయింది. మా అత్త ఆ సరంగు భార్యతో మాట్లాడటం మొదలుపెట్టింది. బెదిరించలేదు, నిలదీయలేదు. "దూరం నడవాలి కదమ్మా, అన్నం చల్లారకుండా గుడ్డ చుట్టి తీసుకెళ్లు" అంది. అప్పటిదాకా నేను ఆ భార్యను గట్టిమనిషిగా నడుపుతున్నాను. ఆ మాటకు ఆమె చేత కన్నీళ్లు పెట్టించక తప్పలేదు. నియమాల పుస్తకంలో ఆ మాటకు గురి అంకె ఏదీ లేదు. నేను పాచిక అడగలేదు.

ఇదంతా జరగడానికి ఆ అన్నం నేను వర్ణనలోనే ఉచితంగా పెట్టేయడం కారణం. దాన్ని పాచిక వెనక దాచి ఉంటే మా అత్త ప్రశ్నకు చోటు ఉండేది కాదు.

అబద్ధం పట్టే పాచిక గురించి కూడా చెప్పాలి. ఆటలో 'ఇన్‌సైట్' అనే నైపుణ్యం ఉంది. కొత్తవాళ్లు దాన్ని కనిపెట్టిన వెంటనే ప్రతి సాక్షి మీదా ప్రయోగిస్తారు: "అతను అబద్ధం చెబుతున్నాడా?" పాచిక బాగా పడితే అవునో కాదో చెప్పేయడం పెద్ద తప్పు. అప్పుడు మూడో లెవెల్‌లో రావలసిన సత్యవలయపు మంత్రాన్ని ఒకటో లెవెల్‌లోనే ఊరికే చేతికి ఇచ్చినట్టవుతుంది. కనిపించేది చెప్పండి: కరణం సరంగు పేరు ఎత్తినప్పుడు మామూలుగానే ఉన్నాడు, పడవ మాట వచ్చినప్పుడు అరచేతులు వెనక్కి దాచుకున్నాడు. గెలిచిన పాచికకు అది న్యాయమైన ప్రతిఫలం. అర్థం చెప్పుకునే పని వాళ్లకే మిగులుతుంది.

తప్పుదారి పట్టించే ఆధారాలు కావాలని పెట్టాలా అని అడుగుతారు. నా అనుభవంలో అక్కరలేదు. ఆటగాళ్లు వాటిని తామే తయారు చేసుకుంటారు. దండెం మీద చీర ఎర్రగా ఉందంటే చాలు, దాని చుట్టూ అరగంట చర్చ నడుస్తుంది. ఆ చర్చను నేను ఆపను, అదీ ఆటే. కానీ దానికి తోడు నేను కూడా అబద్ధపు జాడలు కలిపితే నిజమైన తొమ్మిదీ వాటి కింద పూడిపోతాయి.

పోతే కాలం. దొంగ చేతులు కట్టుకుని కూర్చోడు. నా కాగితం మీద ఒక పక్క ఆధారాలు ఉంటాయి, ఇంకో పక్క నాలుగు వరుసలు: మొదటి రాత్రి ఆరు బస్తాలు దాటుతాయి, రెండో రోజు కరణం లక్క ముద్ర మారుస్తాడు, రెండో రాత్రి కుక్క వెనక మనిషిని పంపిస్తాడు, మూడో రాత్రి పిండిమరకు నిప్పు. ఎవరూ అడ్డుపడకపోతే జరిగేది ఇది. కథ చతికిలబడినప్పుడల్లా ఈ వరుసల్లోంచి ఒకటి జరుగుతుంది, జరిగిన ప్రతిదీ కొత్త జాడ వదులుతుంది. పాచికలన్నీ మొండికేసినా బృందం చేతులు ఖాళీగా ఉండవు.

కొత్త డంజియన్ మాస్టర్లు అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఒకదానికి: ఆటగాళ్లు తప్పు మనిషిని పట్టుకుంటే? నా బల్ల దగ్గర ఇది రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ అదే మనిషి, జాలరి. సరంగుతో అతనికి పాత తగాదా ఉంది, నోరు పెద్దది, వలలు తెగాయని ఊరంతా అరుస్తూ తిరుగుతున్నాడు. బృందం ఊరి పెద్ద దగ్గర గట్టిగా వాదించింది. వాదన బాగానే ఉంది కూడా. నేను ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు, కాదని చెప్పలేదు, జవాబు మార్చి జాలరినే దొంగను చేయలేదు. చేసి ఉంటే ఆ తొమ్మిది ఆధారాలూ అబద్ధమైపోయేవి. ఊరి పెద్ద జాలరిని కొట్లో వేయించాడు. ఊరు వీళ్లకు భోజనం పెట్టింది, కరణం స్వయంగా వచ్చి చేతులు జోడించి మెచ్చుకున్నాడు. ఆ అరచేతులు ఎలా ఉన్నాయో నేను మళ్లీ ఒకసారి వర్ణించాను. బృందం సంతోషంగా పడుకుంది.

తెల్లవారి రేవుకు వెళితే పడవ అవతలి గట్టున ఉంది.